కడుపు కోయకుండా కణితి తీయడం

శ్రోతలకు నమస్కారం.

పొదిలి ప్రాంతం నుంచి నెల్లూరుకు, మా దగ్గరకు ఒక పొగాకు రైతు వచ్చారు. వయస్సు 58 సంవత్సరాలు. మలంలో రక్తం పడుతున్నా, అది మొలల వల్లనేనని నమ్మి, ఎనిమిది నెలల పాటు పసరుమందు తాగుతూ గడిపారు. చివరకు కుమార్తె పట్టుబట్టి తీసుకువస్తే, కొలనోస్కోపీలో, అంటే చివర కెమెరా ఉన్న మెత్తని గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పేగును చూసే పరీక్షలో, పెద్దపేగు చివరి భాగాన రేగుపండంత కణితి కనిపించింది. ఆయన మొదట అడిగిన మాట ఒక్కటే: "కడుపు కోస్తారా సార్?"

కోయనక్కరలేదని చెప్పగలగడం మా వృత్తిలో నాకు అమితమైన సంతోషాన్నిచ్చే సందర్భం. 1969లో న్యూయార్క్‌లో హిరోమీ షిన్యా, విలియం వోల్ఫ్ అనే వైద్యులు కొలనోస్కోపు గుండా తీగ ఉచ్చును పంపి పేగు లోపలి గోడపై మొలిచే పిలకలను (పాలిప్స్) తీయడం మొదలుపెట్టారు. జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువగా కనిపించే జపాన్‌లో వైద్యులు 1990ల నాటికి, వెడల్పుగా పరచుకున్న కణితిని సైతం ఒకే ముక్కగా ఒలిచి తీసే విధానాన్ని రూపొందించారు.

పేగు గోడ మొత్తం మందం కొద్ది మిల్లీమీటర్లే అయినా అందులో పొరలున్నాయి. ఈ రకం కణితి అన్నిటికంటే లోపలనున్న మెత్తని పొరలో పుడుతుంది. దాని కింద వదులైన పొర, ఆ కింద కండరం ఉంటాయి. సన్నని సూదితో ఆ వదులైన పొరలోకి నీలిరంగు కలిపిన సెలైన్ వంటి ద్రవాన్ని ఎక్కించినప్పుడు, నూనెలో పూరీ పొంగినట్లు కణితి కండరానికి ఎడంగా పైకి లేస్తుంది. అప్పుడు చిన్నదైతే ఉచ్చు బిగించి విద్యుత్తుతో కోస్తాము, పెద్దదైతే చుట్టూ గీత గీసి, నీలిరంగు పొర వెంబడి ఓపికగా ఒలుస్తాము. ఒక్కోసారి దీనికి రెండు మూడు గంటలు పడుతుంది. ద్రవం ఎక్కించినా కణితి లేవకపోతే, క్యాన్సర్ లోతుకు పాకిందేమోనని అనుమానించి ఆగవలసి ఉంటుంది. అటువంటప్పుడు శస్త్రచికిత్సే మంచిదని నిర్మొహమాటంగా చెబుతాను.

ప్రమాదం బొత్తిగా లేదని కూడా చెప్పను. కోసినచోట వెంటనే గానీ, రెండు వారాల లోపు గానీ రక్తస్రావం కావచ్చు, అరుదుగా పేగుకు రంధ్రం పడవచ్చు. చాలా సందర్భాలలో లోపలి నుంచే క్లిప్పులు వేసి దాన్ని మూయగలుగుతాము. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ఆ సంగతి తప్పక ముందుగా చెప్పాలి, అయితే వాటిని తమంతట తాము ఆపకూడదు. కొలనోస్కోపీకి ముందు తాగవలసిన, పేగు శుభ్రపరచే ద్రావణాన్ని ఉప్పగా ఉందని సగంలో వదిలేస్తే, మలం మాటున చిన్న కణితి కనిపించకుండా పోతుంది.

ఆ రైతు కణితి ఒకే ముక్కగా వచ్చింది. దానిని పలకపై పరచి, ముడుచుకుపోకుండా అంచులకు గుండుసూదులు గుచ్చి పరీక్షకు పంపాము. నివేదికలో క్యాన్సర్‌గా మారబోతున్న కణాలు ఉన్నాయని, అంచులలో మాత్రం ఏమీ లేదని తేలింది. మరునాడు గంజి తాగి, రెండు రోజుల తరువాత ఇంటికి వెళ్లారు. తిరిగి కొలనోస్కోపీ చేయించుకోవలసిన తేదీని ఆయన కుమార్తె తన ఫోనులో రాసుకున్నారు.