చదవకుండా పెట్టిన సంతకం

(హైదరాబాద్‌లోని ఒక మహిళా డిగ్రీ కళాశాలలో, గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఫైనలియర్ విద్యార్థినులతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపల్ మేడంకి, లైబ్రేరియన్ మేడంకి, మీ అందరికీ నమస్కారం.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే ఈ వారోత్సవాలకు మామూలుగా రచయితలను పిలుస్తారు. నేను రచయిత్రిని కాను. మాదాపూర్‌లో ఒక కంపెనీలో పేరోల్ చూస్తాను. ఆరు వందల మందికి నెలనెలా జీతం లెక్కగట్టి, పీఎఫ్ (భవిష్య నిధి), టీడీఎస్ (జీతంలోనే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి బ్యాంకుకి పంపడం నా పని. మీ లైబ్రేరియన్ మేడం, నేను చాలా రోజులుగా ఒకే రైల్లో వస్తున్నాం. "రోజూ పుస్తకం పట్టుకుని కనిపిస్తారు, ఒకసారి మా పిల్లలతో మాట్లాడండి" అని అడిగారు. సరే అన్నాను.

మా అమ్మ దగ్గర మొదలుపెడతాను. మాది సూర్యాపేట. నా చిన్నప్పుడు మా వీధి చివర నవలలు అద్దెకిచ్చే కొట్టు ఉండేది. రోజుకు అర్ధరూపాయి. రెండో రోజుకి పోతే ఇంకో అర్ధరూపాయి. ఆ రెండో అర్ధరూపాయి అమ్మ దగ్గర ఉండేది కాదు. అందుకని మధ్యాహ్నం అంట్లు తోమి పుస్తకం పట్టుకుంటే నాలుగింటికి నల్లా వచ్చేదాకా చదివేది. మళ్ళీ రాత్రి అందరూ పడుకున్నాక, వంటింటి బల్బు కింద. అయినా ఒక్కోసారి చివరి ఇరవై, ముప్ఫై పేజీలు మిగిలిపోయేవి. పొద్దున్నే పుస్తకం నా చేతికిచ్చి, "కొట్టు తెరిచేలోపల ఇవి నువ్వు చదివి, సాయంత్రం నాకు చెప్పు బిడ్డా" అనేది.

నేను కొట్టు అరుగు మీద కూర్చుని చదివేదాన్ని. సాయంత్రం బడి నుంచి రాగానే అమ్మ బియ్యం ఏరుతూ అడిగేది. ఊరికే "వాళ్ళకి పెళ్ళయింది" అంటే ఒప్పుకునేది కాదు. ఆమె ఏమంది, అతను ఏమన్నాడు, ఉత్తరంలో ఏముంది, అన్నీ మాట పోకుండా చెప్పాలి. ఎక్కడైనా దాటేస్తే వెంటనే పట్టుకునేది. జాగ్రత్తగా చదవడం నాకు అలా వచ్చింది. అది అమ్మ నేర్పిన చదువు.

అలా పెరిగిన నేను, ఒక రోజు ఒక కాగితం మీద చదవకుండా సంతకం పెట్టాను. ఆ సంగతి చెప్పాలనే ఈ రోజు ఇక్కడికి వచ్చాను.

2008లో బీకాం అవగానే నాకు సోమాజిగూడలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ అసిస్టెంట్‌గా ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్ళు చేశాను. 2012లో మా పెద్దమ్మాయి కడుపులో ఉన్నప్పుడు మానేశాను. ఎవరూ మానెయ్యమని బలవంతం చేయలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి రెండు బస్సులు మారి వెళ్ళి రావడం ఆ నెలల్లో నా వల్ల కాలేదు. చివరి రోజు అకౌంట్స్‌లో ఒకాయన రెండు ఫారాలు ముందు పెట్టారు. ఫారం 19, ఫారం 10సి. "మీ పీఎఫ్ డబ్బులు వస్తాయమ్మా, ఇక్కడా ఇక్కడా సంతకం పెట్టండి" అన్నారు. పెట్టాను. మూడు నెలలకి డబ్బు వచ్చింది. ఫ్రిజ్ కొనుక్కున్నాం. సంతోషపడ్డాం.

2014లో మళ్ళీ ఉద్యోగంలో చేరాక, పేరోల్ పని నాకు అప్పగించారు. పని నేర్చుకోవడానికి పీఎఫ్ స్కీములు వరసగా చదవడం మొదలుపెట్టాను. ఒక రాత్రి, పీఎఫ్‌తో పాటే నడిచే 1995 పెన్షన్ స్కీము చదువుతూ ఆగిపోయాను. నేను సంతకం పెట్టిన ఆ ఫారం 10సితోనే డబ్బు తీసుకోవచ్చు, లేదా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఒకటే ఫారం, రెండు దారులు. సర్టిఫికెట్ తీసుకుని ఉంటే నా నాలుగేళ్ళు నా పేరు మీదే ఉండేవి. కొత్త ఉద్యోగం సంవత్సరాలు వాటికి కలిసేవి. నేను డబ్బు తీసుకున్నాను కాబట్టి నా లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలైంది.

ఇది ఎందుకు ముఖ్యమో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇంకో ఏడాదిలో మీ చేతుల్లోకి కూడా జీతం స్లిప్ వస్తుంది. మీ బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) మీద 12 శాతం మీ వాటాగా పీఎఫ్‌కి పోతుంది. కంపెనీ కూడా 12 శాతం వేస్తుంది. కంపెనీ వేసే దాంట్లోంచి 8.33 శాతం, 15,000 రూపాయల జీతం పరిమితి మేరకు, పెన్షన్ ఖాతాలోకి వెళ్తుంది. మొత్తం పదేళ్ళ సర్వీసు ఉంటే 58 ఏళ్ళకి నెలనెలా పెన్షన్ వస్తుంది. ఇరవై ఏళ్ళుంటే లెక్కలో ఇంకో రెండేళ్ళు కలుపుతారు. ఆ పదేళ్ళూ ఒకే కంపెనీలో ఉండాలని లేదు, వరసగా ఉండాలనీ లేదు. మధ్యలో ఖాళీ వచ్చినా పరవాలేదు. డబ్బు తియ్యకుండా కొత్త ఖాతాకి ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే చాలు.

మధ్యలో ఖాళీ ఎవరికి వస్తుంది? పెళ్ళికి ఊరు మారేది ఎవరు, కాన్పుకి మానేది ఎవరు, అత్తగారికి ఆపరేషన్ అయితే ఆరు నెలలు ఇంట్లో ఉండేది ఎవరు? పదేళ్ళుగా రాజీనామా కాగితాలు నా బల్ల మీదకు వస్తున్నాయి. ఇంటి కారణం రాసినవి దాదాపు అన్నీ ఆడపిల్లలవే. వాళ్ళలో చాలామంది మొదట అడిగే మాట, "అక్కా, పీఎఫ్ ఎప్పుడు తీసుకోవచ్చు?" ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి ఇదే చెప్తాను. కొందరికి నిజంగా డబ్బు అవసరం ఉంటుంది, ఇంటి అద్దెకో, ఆస్పత్రికో. వాళ్ళు తీసుకోవాల్సిందే. తెలిసి తీసుకోవడం వేరు, తెలియక తీసుకోవడం వేరు. నేను తెలియక తీసుకున్నాను. ఆ నాలుగేళ్ళలో నేను నిలబడి ప్రయాణం చేసిన బస్సులు, నెలాఖరున రాత్రి తొమ్మిది దాకా టాలీ చేసిన పుస్తకాలు, అన్నీ లెక్కలోంచి పోయాయి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. సంతకం పెట్టాల్సిన ఏ కాగితాన్నయినా అమ్మకి కథ చెప్పాలన్నట్టు చదువుతాను. మొత్తం చదివి, నా మాటల్లో ఇంకొకరికి చెప్పగలిగితేనే సంతకం. చెప్పలేకపోతే నాకు అర్థం కాలేదన్నమాట. "ఇంటికి తీసుకెళ్ళి చదివి రేపు ఇస్తాను" అంటాను. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు.

ఆ నియమం నాకు 2017లో పనికొచ్చింది. రెండో కాన్పు మేలో. అప్పట్లో నేను పని చేస్తున్న చోట హెచ్‌ఆర్‌లో "సెలవు 12 వారాలే" అన్నారు. అంతకుముందు చట్టంలో అంతే ఉండేది. కానీ సవరణ వచ్చి, 2017 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇద్దరికంటే తక్కువ పిల్లలున్న తల్లికి 26 వారాలు, అందులో కాన్పుకి ముందు వాడుకునేవి 8 వారాలకు మించకూడదు. గెజిట్ కాపీ ప్రింటు తీసి, ఆ సెక్షన్ కింద పెన్సిల్‌తో గీత గీసి తీసుకెళ్ళాను. చేతులు వణికాయి. గట్టిగా మాట్లాడటం నాకు రాదు, మా ఇంట్లో ఆడవాళ్ళెవరికీ రాదు. అందుకే కాగితం బల్ల మీద పెట్టి, "ఒకసారి చదవండి సార్" అన్నాను అంతే. ఆయన చదివారు. 26 వారాలు ఇచ్చారు. ఆ ఏడాది అప్రైజల్‌లో మాత్రం నా పేరు ఎదురుగా ఇంక్రిమెంటు గడి ఖాళీగా వచ్చింది. దానికి ఏ సెక్షనూ చూపించలేకపోయాను. ఏడాది తిరిగేలోపల ఇంకో ఉద్యోగం వెతుక్కున్నాను. ఇప్పుడున్నది అదే.

నోరు లేనివాళ్ళకి చదువు నోరవుతుందని నేను నమ్ముతాను. మీలో వెనక బెంచీల్లో కూర్చుని, వేదిక మీదకి రమ్మంటే టెన్షన్ పడేవాళ్ళు ఉంటారు. మీరు ముఖ్యంగా వినండి. మాట తడబడినా, చేతిలో ఉన్న కాగితం తడబడదు.

ఇక మీ మేడం చెప్పమన్న సంగతికి వస్తాను, చదవడానికి టైం ఎక్కడిదని. దేశంలో జనం రోజంతా ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో ప్రభుత్వం 2024లో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. అదే పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. మూడు రెట్ల కంటే ఎక్కువ. ఈ లెక్క మారాలి, మా ఇంట్లో మా ఆయన, పిల్లలు కూరలు తరగడం, బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టి కొంత మార్చారు. కానీ లెక్క మొత్తం మారేదాకా పుస్తకం మూసి కూర్చోలేం కదా. మా అమ్మ కూర్చోలేదు.

నాకు టైం ఇచ్చింది మెట్రో. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేటకి రైలు మొదలైంది, 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి. అంతకుముందు బస్సులో ఒక చేత్తో రాడ్డు, ఇంకో చేత్తో బ్యాగు పట్టుకుంటే పుస్తకానికి మూడో చెయ్యి ఉండేది కాదు. రైల్లో కుదుపులు లేవు. పొద్దున నిలబడే ప్రయాణమే అయినా, మలక్‌పేట దాటేసరికి ఏదో ఒక మూల వీపు ఆనించుకోవడానికి చోటు దొరుకుతుంది. రానూపోనూ కలిపి రోజుకు ఇరవై పేజీలు. నెలకు 22 పనిదినాలంటే 440 పేజీలు. రెండు మంచి నవలలు. ఫోన్ బ్యాగులో, పుస్తకం చేతిలో. బ్యాగు అడుగున ఫోన్ మోగితే అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు చూసుకుంటాను.

ఆ రైల్లోనే నాకు ఒక స్నేహం దొరికింది. ఆమె ఎంజీబీఎస్‌లో ఎక్కేవారు. నర్సు యూనిఫాం మీద స్వెటర్ వేసుకుని ఉండేవారు. ఒక రోజు నా భుజం మీదుగా చూస్తూ, నేను పేజీ తిప్పబోతుంటే "ఒక్క నిమిషం ఆగండి, రెండు లైన్లు ఉన్నాయి" అన్నారు. ఆగాను. ఆ పుస్తకం అయిపోగానే ఆమెకి ఇచ్చాను. వారం తర్వాత తిరిగిస్తూ తన పుస్తకం ఒకటి ఇచ్చారు. ఏడాదిన్నర అలా నడిచింది. పేర్లు అడగలేదు, ఫోన్ నంబర్లు తీసుకోలేదు. పుస్తకంలో ఏడ్చిన చోట ఆమె పేజీ మూల చిన్నగా మడిచేవారు. నేను కూడా అక్కడే ఏడ్చేదాన్ని. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి రైళ్ళు ఆగాయి. మళ్ళీ నడిచాక ఆమె కనబడలేదు. అప్పుడు ఆమె ఎక్కడ ఏ వార్డులో పని చేసి ఉంటారో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఆమె పుస్తకం ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. వారానికి ఒక రోజైనా అది బ్యాగులో పెట్టుకునే వెళ్తాను.

పుస్తకాలకు డబ్బు పెద్ద అడ్డం కాదు. ఆదివారం ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాలే. పొద్దున పదింటికల్లా వెళ్ళండి, అట్ట చూసి కాకుండా మధ్యలో ఒక పేజీ చదివి కొనండి. 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం సుల్తాన్‌బజార్‌లో ఉంది, చూశారా? నిజాం కాలంలో తెలుగు చదువుకోవాలన్న పట్టుదలతో పెట్టుకున్న లైబ్రరీ అది. కోఠి దాకా వెళ్ళినప్పుడు ఒక పది నిమిషాలు లోపలికి వెళ్ళి ఆ బీరువాల మధ్య నిలబడండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి మీలో కొందరు గ్రూప్స్ ప్రిపరేషన్‌కి వెళ్తున్నారని విన్నాను. టెస్ట్ పేపర్ల మధ్య ఒక కథల పుస్తకం కూడా తీసుకోండి. పరీక్షకు పనికిరాదని అనుకోకండి. ఒక మనిషి ఏం మాట్లాడుతోందో, ఏం మాట్లాడకుండా దాటేస్తోందో గమనించడం నేను నవలల్లోనే నేర్చుకున్నాను. ఆఫర్ లెటర్ చదివేటప్పుడు సరిగ్గా అదే కావాలి. అందులో రాసింది చూడాలి, రాయాల్సి ఉండీ రాయనిది కూడా చూడాలి. సీటీసీ, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, పెద్దగా కనిపిస్తుంది, చేతికి ఎంతొస్తుందో ఎక్కడా ఉండదు. నోటీసు పీరియడ్ ఎన్ని నెలలు, ఇన్నాళ్ళు మానకూడదనే బాండ్ ఉందా, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నారా, 50 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉందా, పదిమంది, అంతకంటే ఎక్కువ ఉన్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉందా, అందులో ఎవరెవరున్నారు? ఇవన్నీ మీరు అడగదగ్గ ప్రశ్నలే.

మా అమ్మకి ఇప్పుడు కళ్ళు సరిగ్గా కనబడవు. మా దగ్గరే ఉంటుంది. రాత్రి అన్నాలయ్యాక నేను ఆ రోజు రైల్లో చదివిన ఇరవై పేజీలు చెప్తాను. మా పెద్దమ్మాయి కూడా వచ్చి కూర్చుంటుంది. ఎక్కడైనా దాటేస్తే అమ్మ ఇప్పటికీ పట్టుకుంటుంది.

నాకు ఇచ్చిన సమయం అయిపోయింది. నా సంచిలో పదకొండు పుస్తకాలున్నాయి, నేను చదివేసినవి. లైబ్రరీకి ఇచ్చి వెళ్తాను. కొన్ని జీతం స్లిప్పులు పేర్లు కొట్టేసి జిరాక్స్ తెచ్చాను, ఫారం 10సి కూడా తెచ్చాను. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఆఫర్ లెటర్ వచ్చినవాళ్ళు అది పట్టుకుని రండి. ఇంకో గంట ఇక్కడే రీడింగ్ రూంలో ఉంటాను. కూర్చుని మొదటి లైను నుంచి కలిసి చదువుదాం.