చంద్రుడి చాటుకు వెళ్లే గ్రహం: ఎక్స్‌పోజర్ ఎవరి కోసం పెట్టాలి?

తెర మీద ఇప్పుడు మీరు చూస్తున్నది నేను తీసిన ఫొటోలన్నిటిలోకీ చెడ్డది. చంద్రుడు చక్కగా వచ్చాడు, క్రేటర్ల గోడలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. కాని ఆ అంచుకు ఆనుకొని ఉండవలసిన శనిగ్రహం కోసం వెతికితే, బూడిద రంగులో ఒక మసక మచ్చ తప్ప ఏమీ దొరకదు. ఆ రాత్రి కెమెరాను ఆటో ఎక్స్‌పోజర్‌లో, అంటే ఎంత వెలుగు లోపలికి రానివ్వాలో అదే నిర్ణయించుకునేట్టు, వదిలేశాను. ఫ్రేములో వెలుగంతా చంద్రుడిదే కనుక కెమెరా అతనికి తగినట్టు ఎక్స్‌పోజర్ పెట్టుకొని, నేను ఎవరి కోసం అంతసేపు మేలుకొని ఉన్నానో ఆ గ్రహాన్ని చీకట్లో కలిపేసింది. ఈ వీడియోలో చెప్పబోయేదంతా ఆ ఒక్క పొరపాటు చుట్టూనే తిరుగుతుంది.

ముందు సంగతి ఏమిటో చెప్పుకుందాం. చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతూ, నక్షత్రాల మధ్య పడమటి నుంచి తూర్పుకు గంటకు దాదాపు అర డిగ్రీ, అంటే తన వెడల్పు అంత దూరం, జరుగుతూ ఉంటాడు. ఆ దారిలో గ్రహం అడ్డం వస్తే కొంతసేపు దాన్ని కప్పేస్తాడు. పరిశీలకులు దీన్ని ఆకల్టేషన్ అంటారు; మనం మరుగు అనుకుంటే సరిపోతుంది. చంద్రుడి కక్ష్య, భూకక్ష్య తలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉన్నందువల్ల ప్రతి నెలా ఈ మరుగు జరగదు. జరిగినా భూమి మీద అందరికీ కనిపించదు. చంద్రుడు మనకు 3,84,400 కిలోమీటర్ల సగటు దూరంలోనే ఉన్నాడు కనుక, చూసే చోటు మారితే ఆకాశంలో అతని స్థానమూ మారుతుంది. మీరు 100 కిలోమీటర్లు పక్కకు జరిగితే చంద్రుడు సుమారు 50 ఆర్క్ సెకన్లు జరిగినట్టు కనిపిస్తాడు, అది గురుగ్రహం వెడల్పు కంటే ఎక్కువ. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. అందుకని ఎవరో వేరే ఊరికి లెక్కగట్టిన సమయాన్ని నమ్ముకోవద్దు. స్టెల్లేరియం వంటి సాఫ్ట్‌వేర్‌లో మీరు నిలబడబోయే చోటి అక్షాంశ రేఖాంశాలు మీరే ఇచ్చి, నిమిషాల దాకా చూసుకోండి.

ఇక అసలు విషయానికి వస్తే, ఈ ఫొటోలో ఉండే రెండు వస్తువుల మీదా పడేది ఒకే సూర్యుడి వెలుగు, కాని రెండింటికీ సమానంగా అందదు. చంద్రుడు మనతో పాటే సూర్యుడికి 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. గురుడు అంతకు 5.2 రెట్ల దూరంలో ఉన్నాడు కనుక అక్కడ ఎండ మన ఎండలో 27వ వంతే. శని దగ్గర అది దాదాపు 90వ వంతుకు పడిపోతుంది. అయితే చంద్రుడి నేల చూడటానికి వెన్నెలంత తెల్లగా ఉన్నా, నిజానికి పాతబడిన తారు రోడ్డు అంత నల్లనిది. తన మీద పడిన వెలుగులో 12 శాతం మాత్రమే తిరిగి పంపుతుంది. గురు, శని గ్రహాల మేఘాలు సగం దాకా వెనక్కి పంపుతాయి. రెండు లెక్కలూ కలిపి చూస్తే, నిండు చంద్రుడి ముఖంతో పోల్చినప్పుడు గురుడి ముఖం ఆరో వంతు, శని ముఖం సుమారు ఇరవయ్యో వంతు వెలుగు మాత్రమే ఇస్తాయి. కుజుడు భూమికి దగ్గరగా వచ్చిన రోజుల్లో చంద్రుడి వెలుగులో సగానికి కాస్త పైనే ఉంటాడు. 2022 డిసెంబర్ 8న కుజుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడు, నిండు చంద్రుడు అతణ్ణి కప్పిన ఘట్టం ఉత్తర అమెరికాలోనూ ఐరోపాలోనూ కనిపించింది. అక్కడి ఫొటోల్లో చాలావాటిలో ఎర్రటి బిళ్ల, చంద్రుడి అంచు రెండూ ఒకే ఫ్రేములో చక్కగా కుదరడానికి కారణం అదే. కుజుడు వచ్చినప్పుడు ఫొటోగ్రాఫర్ నైపుణ్యాన్ని మరీ ఎక్కువగా పొగడనక్కరలేదని నా ఉద్దేశం.

అంకెలు చెబితే స్పష్టంగా ఉంటుంది. నిండు చంద్రుడికి ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్ (లెన్స్ ద్వారం కొలత) 11 దగ్గర షటర్ సెకనులో వందో వంతు తెరిచి ఉండాలన్నది పాత లెక్క. అదే అమరికలో గురుడికి సెకనులో పదిహేనో వంతు, శనికి ఐదో వంతు కావాలి. నా చెడ్డ ఫొటోలో శనికి అందవలసిన దానిలో ఇరవయ్యో వంతు వెలుగే అందిందంటే, ఆ మసక మచ్చ అయినా రావడం దాని మంచితనమే.

కాని చంద్రుడు ఎప్పుడూ నిండుగా ఉండడు, మనకు ఊరట దొరికేది ఇక్కడే. అర్ధచంద్రుడి వెలుగు నిండు చంద్రుడి వెలుగులో సగం ఉంటుందని అనుకుంటాం. నిజానికి పదో వంతు కంటే కూడా తక్కువ. ఎండ ఏటవాలుగా పడటం వల్ల, గుట్టలూ గోతులూ నీడలు పరుచుకోవడం వల్ల, వెలిగే సగం కూడా సగటున ఐదారు రెట్లు మసకబారి ఉంటుంది. దూరంగా ఉన్న గురుడు మాత్రం మనకు ఎప్పుడూ దాదాపు నిండుగానే కనిపిస్తాడు. అంటే అర్ధచంద్రుడి పక్కన గురుడు ఇంచుమించు సమాన వెలుగుతో నిలబడతాడు. గురుడి మరుగు చంద్రుడి ఏ కళలో వస్తుందో క్యాలెండరులో చూసుకొని, అష్టమి చుట్టుపక్కల వచ్చేదాని కోసం ఎదురుచూడమని నేను చెప్పేది ఇందుకే. శని అప్పటికీ వెలుగులో మూడు నాలుగు రెట్లు వెనకబడే ఉంటాడు. అప్పుడు ఎవరో ఒకరిని వదులుకోవాలి, నేనైతే చంద్రుణ్ణి వదులుకుంటాను. చంద్రుడి ఫొటో రేపు రాత్రి కూడా తీసుకోవచ్చు.

శుక్రుడి సంగతి పూర్తిగా తిరగబడుతుంది. అతని మేఘాలు తెల్లనివి, పైగా అతను మనకంటే సూర్యుడికి దగ్గరివాడు. అతని ముఖం చంద్రుడి ముఖం కంటే పదింతల దాకా వెలగగలదు. సూర్యుడికి 47 డిగ్రీల కంటే దూరం పోడు కనుక శుక్రుణ్ణి కప్పేది ఎప్పుడూ సన్నని నెలవంకే, అదీ తరచుగా పట్టపగలే. నీలాకాశంలో చంద్రవంక కరిగిపోయినట్టుంటే, శుక్రుడు మాత్రం ముత్యంలా స్పష్టంగా ఉంటాడు. ఇక్కడ ఒక్క హెచ్చరిక. పగటి పూట టెలిస్కోప్ గాని, పొడవాటి లెన్స్ గాని తిప్పుతున్నప్పుడు సూర్యుడు ఒక్క క్షణం దానిలో పడినా కన్ను పోతుంది, సెన్సర్ కాలిపోతుంది. సూర్యుడు ఏదైనా గోడ వెనక దాగి, గ్రహం మాత్రం కనిపించే నీడలో నిలబడి పని చేయండి.

లెన్స్ ఎంత ఉండాలన్న ప్రశ్నకు ఒక సులువైన కొలత ఉంది. లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌ను 110తో భాగిస్తే సెన్సర్ మీద చంద్రుడి బింబం ఎన్ని మిల్లీమీటర్లు ఉంటుందో తెలుస్తుంది. 1000 మిల్లీమీటర్ల లెన్స్‌లో అది 9 మిల్లీమీటర్లు. అదే లెన్స్‌లో 40 ఆర్క్ సెకన్ల గురుడు మిల్లీమీటరులో ఐదో వంతు, అంటే 4 మైక్రాన్ల (మైక్రాన్ మిల్లీమీటరులో వెయ్యో వంతు) పిక్సెల్‌తో లెక్కిస్తే సుమారు 50 పిక్సెళ్లు. గురుడి మేఘాల్లోని రెండు ముదురు పట్టీలు కనిపించడానికి అది చాలు. 200 మిల్లీమీటర్ల లెన్స్‌లో పది పిక్సెళ్లే వస్తాయి. గ్రహం బిళ్లగా కాక చుక్కగా ఉంటుంది. అయినా చంద్రుడి పక్కన ఆ చుక్కకు ఒక అందం ఉంటుంది కనుక, పెద్ద పరికరం లేదని మానుకోవద్దు.

స్టాండు కదలకుండా ఉన్నా ఆకాశం ఆగదు. సెకనుకు 15 ఆర్క్ సెకన్ల చొప్పున జరిగిపోతూ, చంద్రుణ్ణి రెండు నిమిషాల్లో తన వెడల్పంత పక్కకు తీసుకుపోతుంది. సెకనులో పదిహేనో వంతు షటర్‌కు ఒక ఆర్క్ సెకను చెదిరినా గురుడికి నష్టం లేదు. ఐదో వంతు దగ్గర మూడు ఆర్క్ సెకన్లు చెదిరితే, 18 ఆర్క్ సెకన్ల శని బింబంలో అది తెలిసిపోతుంది. అప్పుడు ఐఎస్ఓ పెంచుకోండి, గరుకుతనాన్ని తర్వాత సర్దుకోవచ్చు. ఆకాశాన్ని అనుసరించి తిరిగే మౌంట్ ఉన్నవారు నక్షత్రాల వేగంతో తిప్పాలా, చంద్రుడి వేగంతో తిప్పాలా అన్నది ముందే తేల్చుకోవాలి. మొదటిదానిలో గ్రహం నిలకడగా ఉండి చంద్రుడు వచ్చి మింగుతాడు, రెండోదానిలో చంద్రుడు నిలిచి గ్రహం వచ్చి పడుతుంది. నాకు మొదటిదే నచ్చుతుంది, ఎందుకంటే నిజంగా జరుగుతున్నది అదే.

ఇప్పుడు తెర మీద నడుస్తున్న వీడియోను జాగ్రత్తగా చూడండి. శుక్లపక్షంలో చంద్రుడి ముందు అంచు, అంటే తూర్పు అంచు, చీకటిగా ఉంటుంది. గ్రహం ఆ చీకట్లోకే పోతుంది. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ చూసినదీ ఇదే: అర్ధచంద్రుడి చీకటి వైపు కుజుడు మాయమై, వెలుగు వైపు బయటపడ్డాడు. కుజుడు చంద్రుడి కంటే దూరంలో ఉన్నాడనడానికి అతను దాన్ని రుజువుగా తీసుకున్నాడు. మన వీడియోలో ముందుగా గురుడి చందమామల్లో ఒకటి అంచును తాకింది. రెండు మూడు సెకన్లలో ఆరిపోయింది. తర్వాత గురుడి వంతు. అక్కడ ఏ అంచూ కనిపించదు, కాని బిళ్ల ఒక పక్క నుంచి గీత గీసి కోసినట్టు తగ్గుతూ వస్తుంది. చంద్రుడి అంచు వంపు తిరిగినదే అయినా, గురుడి పక్కన అది చాలా పెద్దది కనుక ఆ కోత దాదాపు తిన్నగా ఉంటుంది. పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి తెగిపోతాయి. చంద్రుడి కదలిక సెకనుకు అర ఆర్క్ సెకను, చంద్రుడు నడినెత్తిన ఉంటే భూభ్రమణం మనల్ని కూడా అటే మోసుకుపోతుంది కనుక ఇంకా తక్కువ. అందుకే మొత్తం మాయం కావడానికి నిమిషంన్నర చుట్టుపక్కల పడుతుంది. ఆ వెలుగు గురుణ్ణి విడిచి దాదాపు 40 నిమిషాలు ప్రయాణించి, మనల్ని చేరడానికి ఇంకో సెకను పైచిలుకు ప్రయాణం మిగిలి ఉండగా చంద్రుడికి తగిలి ఆగిపోయింది.

గ్రహాల ఫొటోలకు అలవాటుపడినవారు ఇక్కడ ఒక చోట పొరబడతారు. మామూలుగా రెండు మూడు నిమిషాల వీడియో తీసి, గాలి నిలకడగా ఉన్న ఫ్రేములను ఏరి ఒకదాని మీద ఒకటి పేర్చి స్టాకింగ్ చేస్తాం. ఇక్కడ ఒక్క నిమిషంలో చంద్రుడు 30 ఆర్క్ సెకన్లు జరిగిపోతాడు కనుక, గ్రహాన్ని పట్టుకొని పేరిస్తే చంద్రుడి అంచు అలుక్కుపోతుంది, చంద్రుణ్ణి పట్టుకుంటే గ్రహం సాగిపోతుంది. రెండు మూడు సెకన్ల ముక్కలుగా విడగొట్టి పేర్చడమే నాకు తెలిసిన మార్గం. గ్రహానికీ చంద్రుడికీ వేరువేరు ఎక్స్‌పోజర్లు తీసి కలపడాన్ని నేను తప్పుపట్టను, రెండూ ఒకే క్షణానివి అయి, ఆ మాట ఫొటో కింద రాస్తే చాలు. గ్రహాన్ని పెంచి అతికించడం మాత్రం మోసమే. దాన్ని పట్టుకోవడం కూడా కష్టం కాదు: కోపర్నికస్ క్రేటర్ వెడల్పు 93 కిలోమీటర్లు, అంటే మన కంటికి సుమారు 50 ఆర్క్ సెకన్లు. వలయాలతో కలిపి శని గాని, ఒంటిగా గురుడు గాని దానికి ఇంచుమించుగానో కాస్త చిన్నగానో ఉండాలి. నాలుగింతలు ఉంటే ఇక ఆ ఫొటో గురించి మాట్లాడుకోనక్కరలేదు.

మరుగు నడిమధ్యగా జరిగితే గ్రహం తిరిగి రావడానికి గంట పట్టవచ్చు. ఈ గంటలో లెన్స్ మీద మంచు పడుతుంది, చలికి లోహం ముడుచుకొని ఫోకస్ జరుగుతుంది. కనిపించని గ్రహం మీద ఫోకస్ చేయలేం కనుక చంద్రుడి అంచు మీద మళ్లీ సరిచూసుకోవాలి. ఇంకో తిప్పలు, అది ఎక్కడ నుంచి వస్తుందన్నది. బయటపడేది వెనక అంచు, అంటే పడమటి అంచు నుంచి; గుండ్రంగా, నల్లగా ఒంటరిగా కనిపించే మారే క్రైసియం మైదానం ఉన్న వైపు. సాఫ్ట్‌వేర్‌లో చూసి, గ్రహం ఆ మైదానానికి పైన వస్తుందా, కింద వస్తుందా అని కాగితం మీద ఒక గీత గీసి పెట్టుకోండి. ఒకసారి నేను గీత గీసుకోకుండా మైదానానికి ఎదురుగా కెమెరా గురిపెట్టి కూర్చున్నాను. గ్రహం ఫ్రేము బయట, చాలా కింద నుంచి వచ్చి, నేను కళ్లెత్తి చూసేసరికి అంచును విడిచి వేలాడుతోంది. సమయం కంటే అర నిమిషం ముందే రికార్డింగ్ మొదలుపెట్టండి.

చివరిగా చూపిస్తున్న ఈ ఫ్రేము గురుడు వెలుగు అంచు నుంచి సగం బయటపడినప్పటిది. చంద్రుడి తెలుపు పక్కన గురుడు ఎంత పాలిపోయి, గోధుమ రంగుకు తిరిగి ఉన్నాడో గమనించండి. ఒంటరిగా ఉన్నప్పుడు కళ్లు చెదిరే గ్రహం ఇదే. ఎక్స్‌పోజర్ గురుడి కోసం పెట్టాను కనుక చంద్రుడి అంచు వెలుగు ఎక్కువై కొంచెం కాలినట్టు తెల్లబారింది. ఈ ఫ్రేము తర్వాత 12 సెకన్లకు తీసినదానిలో గురుడి రెండో పట్టీ కూడా బయటికి వచ్చింది.