జూలో పుట్టిన మొదటి గొరిల్లా కోలో

అక్క: ఈ ఎపిసోడ్ కోలో గురించి. ప్రపంచంలో జూలో పుట్టిన మొట్టమొదటి గొరిల్లా. 1956 డిసెంబర్ 22న, అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్ జూలో పుట్టి, 2017 జనవరి దాకా, అంటే 60 ఏళ్లు బతికింది. దాని తల్లి మిల్లీ, తండ్రి మాక్ మాత్రం ఆఫ్రికా అడవుల నుంచి పట్టుకొచ్చినవే.

తమ్ముడు: పుట్టగానే చావు తప్పించుకుందట కదక్కా?

అక్క: అవున్రా. ఉమ్మనీటి సంచిలోనే నేల మీద పడి ఉంటే, అక్కడ పనిచేస్తున్న వెటర్నరీ విద్యార్థి వారెన్ థామస్ చూసి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊది బతికించాడు. ఆ తర్వాత తల్లి దగ్గర పెరగలేదు, మనుషులే పోతపాలు పట్టి, గౌన్లు తొడిగి పసిపాపలా పెంచారు. ఆ ఫోటోలు చూస్తే నాకు ముద్దు రాదు, బాధేస్తుంది.

తమ్ముడు: జూలో పుట్టిన గొరిల్లా పిల్లని పెంచిన అనుభవం అప్పటికి ఎవరికీ లేదు కదా.

అక్క: నిజమే, వాళ్లని తప్పుపట్టను. కానీ పిల్లల్ని ఎలా ఎత్తుకోవాలో, ఎలా పాలివ్వాలో గొరిల్లాలు చాలావరకు గుంపులో పెద్దవాటిని చూసే నేర్చుకుంటాయి. కోలోకి ఆ గుంపే లేదు. పెద్దయ్యాక ఎమీ, ఆస్కర్, టోనీ అని మూడు పిల్లల్ని కంది, ఒక్కదాన్నీ తను పెంచలేదు.

తమ్ముడు: అసలు జూలో పుట్టించడం దేనికి అని అడిగేవాళ్లూ ఉంటారు.

అక్క: ఒకప్పుడు అడవిలో ఒక పిల్లని పట్టాలంటే అడ్డొచ్చే తల్లిని, గుంపులో పెద్దవాటిని చంపేసేవాళ్లు. జూల్లోనే పిల్లలు పుడుతుంటే ఆ ఘోరంతో పని లేదు, నాకైతే అన్నిటికంటే ఇదే పెద్ద విషయం. వేట, ఎబోలా, అడవులు తరిగిపోవడం వల్ల కోలో జాతి, అంటే వెస్టర్న్ లోలాండ్ గొరిల్లా, అంతరించే ప్రమాదం అంచుకి వచ్చేసింది. అందుకే ఇప్పుడు వంశవృక్షం రిజిస్టర్ చూసి, దగ్గరి బంధుత్వం లేనివాటినే జత కలుపుతారు, మిగతా ఆడవాటికి గర్భనిరోధక మాత్రలు ఇస్తారు, అచ్చం మనుషులు వాడేవే.

తమ్ముడు: మరి పెంపకం?

అక్క: అదీ మారింది, అదీ కొలంబస్‌లోనే. తల్లి వదిలేసిన పిల్లని ఇంకో ఆడ గొరిల్లాకి అప్పగిస్తారు. కోలో కూడా మనవడు జేజేని పసితనం నుంచి తనే పెంచింది.

తమ్ముడు: సొంత పిల్లల్ని పెంచనిది మనవణ్ణి పెంచిందా! మరి అలా పెంచే తల్లికి పాలుండవు కదా?

అక్క: పిల్లని మెష్, అంటే బోను జాలీ, దగ్గరికి ఎత్తుకొచ్చేలా ఆ పెంపుడు తల్లికి ముందే ట్రైనింగ్ ఇస్తారు. కీపర్ ఇవతల నిలబడి సీసా అందిస్తాడు, పిల్ల అవతలే ఉండి తాగేస్తుంది, ఎవరూ దాన్ని తల్లి చేతుల్లోంచి తీసుకోనక్కర్లేదు.