ఏ వీధిలో, ఏ గంటకు? ట్రాఫిక్ కాలుష్యాన్ని కళ్లకు కట్టడం

మిత్రులారా, నమస్కారం.

హైదరాబాద్‌లో సనత్‌నగర్, జూపార్కు లాంటి చోట్ల గాలిని నిరంతరం కొలిచే కేంద్రాలున్నాయి. ఆ లెక్కలే మన ఫోన్లలో ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, రంగులుగా కనిపిస్తాయి. 2015లో మన దేశంలో మొదలైన ఈ సూచీలో ఆరు రంగులు. మామూలు మనిషికి గాలి సంగతి అర్థమయ్యేలా చేసిందంటే అది చిన్న విషయం కాదు. కానీ ఇందులో పీఎం 2.5, అంటే గాలిలోని అతి సన్నని ధూళి, విలువ 24 గంటల సగటు. ఉదయం తొమ్మిదింటికి సిగ్నల్ దగ్గర నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్ పీల్చే పొగ, అర్ధరాత్రి ఖాళీ రోడ్డు గాలితో కలిసి ఆ సగటులో పలచబడిపోతుంది.

ఉపగ్రహ చిత్రాలున్నాయి కదా అంటారు. 2017లో వెళ్లిన సెంటినెల్-5పీ ఉపగ్రహం, వాహనాల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ వాయువును చక్కగా చూపిస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో నగరాల మీద ఆ వాయువు మరకలు తగ్గిపోవడం అందరం చూశాం. కానీ అది మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో. ఆఫీసుల రద్దీ దానికి దొరకదు. పైగా ఆ చిత్రంలో ఒక్కో గడి కొన్ని కిలోమీటర్ల వెడల్పు, అందులో వీధి ఎక్కడ కనిపిస్తుంది?

వీధి కనిపించాలంటే వీధిలోనే కొలవాలి. అమెరికాలోని ఓక్లాండ్‌లో అదే చేశారు. 2015, 2016 సంవత్సరాల్లో గూగుల్ స్ట్రీట్ వ్యూ కార్లకు పరికరాలు బిగించి, అవే వీధుల్లో మళ్లీ మళ్లీ తిప్పారు. నల్ల మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు కొలిచి, దాదాపు 30 మీటర్లకో విలువ చొప్పున పటం గీశారు. ఒకే బ్లాకులో ఈ చివరికీ ఆ చివరికీ కాలుష్యం ఐదు నుంచి ఎనిమిది రెట్లు తేడాగా ఉన్న చోట్లు బయటపడ్డాయి! లారీలు తిరిగే 880 హైవే మీద మసి ఎక్కువ, భారీ లారీలను నిషేధించిన 580 మీద తక్కువ. నాకు ఈ పటంలో అన్నిటికంటే విలువైనది ఇదే. కారణం ఎక్కడుందో, ఎవరిని అడగాలో అక్కడి జనానికి తెలిసింది.

ఒక్కసారి తిరిగి కొలిస్తే చాలదు. ముందు వెళ్లే లారీ పొగ ఒక్కటే లెక్కను తారుమారు చేస్తుంది. పదేపదే కొలిస్తేనే ఆ వీధి అసలు స్వభావం తేలుతుంది.

మనకు ఆర్టీసీ బస్సులున్నాయి, రోజూ అవే రూట్లలో తిరుగుతాయి. వాటికి చవక సెన్సర్లు అమర్చవచ్చు. అయితే గాలిలో తేమ ఎక్కువైతే అవి ధూళిని ఎక్కువ చేసి చూపిస్తాయి. అందుకని ముందు ప్రామాణిక కేంద్రం పక్కన పెట్టి సరిచూసుకోవాలి. ఇక్కడున్న విద్యార్థులను నేను అడిగేది ఒకటే: మీరు గీసే పటంలో గంట గంటకూ మార్పు చూపించండి, బడులనూ బస్టాపులనూ తప్పకుండా గుర్తించండి.