ముందు మానేసి రమ్మంటే ఎలా వస్తారు?

అందరికీ నమస్కారం.

తాగుడో మరో మత్తో అలవాటై, దానికితోడు మానసిక జబ్బు కూడా ఉన్న మనిషికి వైద్యం ఎక్కడ దొరుకుతుందన్నది ఈరోజు నా అంశం. అలాంటి మనిషి చాలాసార్లు రెండు గుమ్మాల మధ్య నలిగిపోతాడు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే ‘ముందు తాగుడు మానేసి రా, తర్వాత డిప్రెషన్ సంగతి చూద్దాం’ అంటారు. తాగుడు మాన్పించే చోటికి వెళ్తే ‘చెవుల్లో మాటలు వినిపిస్తున్నాయి అంటున్నావు కదా, ముందు అది తగ్గించుకుని రా’ అంటారు. ఇద్దరూ మర్యాదగానే చెబుతారు. ఇద్దరి మాటా పైకి సబబుగానే ఉంటుంది. ఆ మాట విని ఇంటికెళ్లిన మనిషి చాలాసార్లు మళ్లీ రాడు.

రెండు జబ్బులకూ ఒకే చోట, ఒకే బృందం, ఒకేసారి వైద్యం చెయ్యాలి. ఆసుపత్రిలో చేర్చకుండా, ఇంటికి దగ్గరగా ఉండే క్లినిక్‌లో ఓపీగానే చాలామందికి అది చెయ్యొచ్చు. నా వాదన ఇదే.

ఈ రెండు వైద్యాలూ మొదటినుంచీ వేర్వేరు దారుల్లో నడిచాయి. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ 1935లో మొదలైంది. మితిమీరిన హుషారు, దిగులు మారి మారి వచ్చే బైపోలార్ జబ్బుకు లిథియం అనే మందు పనిచేస్తుందని మానసిక వైద్యుడు జాన్ కేడ్ ఆస్ట్రేలియాలో 1949లో ప్రకటించాడు. లేనివి వినిపించి, కనిపించి వాస్తవంతో సంబంధం తెగే సైకోసిస్‌కు క్లోర్‌ప్రోమజైన్ అనే మందు 1952లో వాడకంలోకి వచ్చింది. ఈ మాత్రల వల్ల మానసిక జబ్బు ఉన్నవాళ్లు ఇంట్లో ఉండి వైద్యం పొందడం సాధ్యమైంది. 1978లో ఇటలీ, మానసిక వైద్యుడు ఫ్రాంకో బజాలియా పోరాటం ఫలితంగా, పిచ్చాసుపత్రులను మూసేసే చట్టం తెచ్చింది. ఇంత మారినా వ్యసనం మాత్రం వేరే విభాగంలో, వేరే భవనంలో, వేరే నియమాలతో మిగిలిపోయింది. రెండింటినీ కలిపి ఒకే బృందం చూడాలన్న పద్ధతిని 1980ల నుంచి మానసిక వైద్యుడు రాబర్ట్ డ్రేక్, ఆయన సహచరులు అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో పట్టుదలగా పెంచారు. అంటే ఇది కొత్త ఆలోచనేం కాదు. ఇంకా చాలాచోట్ల ఆచరణలోకి రాలేదంతే, అదే నా బాధ.

ఈ రెండూ ఎందుకు జతగా వస్తాయో కొంచెం వివరంగా చెబుతాను. ఆందోళనతో బతికే మనిషికి మొదటి గ్లాసు నిజంగానే పనిచేస్తుంది. ఈ సంగతి ఒప్పుకోకుండా అతనితో మాట కలపలేం. మెదడులో ఉద్రేకాన్ని అణిచే గాబా అనే రసాయనం పనిని మద్యం పెంచుతుంది, ఉద్రేకాన్ని పెంచే గ్లుటమేట్ పనిని తగ్గిస్తుంది. కాసేపట్లో దడ తగ్గుతుంది, నలుగురిలో మాట్లాడే ధైర్యం వస్తుంది. కానీ రోజూ తాగేకొద్దీ మెదడు దానికి సర్దుకుంటుంది. గాబాకు స్పందించడం తగ్గిస్తుంది, గ్లుటమేట్ జోరు పెంచుతుంది. ఇక మద్యం దిగిన ప్రతిసారీ ఆందోళన ముందుకంటే ఎక్కువగా తిరిగొస్తుంది. నిద్ర సంగతీ ఇంతే. తాగితే త్వరగా నిద్ర పడుతుంది, తెల్లవారకముందే మెలకువ వచ్చేస్తుంది. ఆ వేళలో నిద్రలేచి కూర్చున్న మనిషి మనసులోకి వచ్చేవన్నీ చీకటి ఆలోచనలే.

తాగడం వల్ల డిప్రెషన్ వచ్చిందా, డిప్రెషన్ వల్ల తాగుతున్నాడా అని ఇంట్లోవాళ్లు తరచూ అడుగుతారు. వైద్యుడికి ఇది కొంతవరకు ఉపయోగపడే ప్రశ్నే. మద్యం తెచ్చిన దిగులు చాలామందిలో మానేసిన కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే, లేదా తాగుడుకు ముందు నుంచే ఉంటే, విడిగా వైద్యం కావాలి. కానీ ఈ లెక్క తేలేదాకా మనిషిని బయట నిలబెట్టకూడదు. చచ్చిపోవాలని ఉంది అంటున్న మనిషికి ఏది ముందు, ఏది వెనక అన్న విచారణ ఆ రోజు పనికిరాదు.

ఇక మొదటిసారి క్లినిక్‌కు వచ్చినప్పుడు ఏం జరగాలన్నది. నా దృష్టిలో వైద్యంలో సగం ఇక్కడే ఉంది.

వచ్చినవాళ్లకు అప్పటికే చాలామంది చాలా చెప్పి ఉంటారు. ఇల్లు పాడైపోయిందని, పిల్లల మొహం చూడమని, సిగ్గు లేదా అని. క్లినిక్‌లో మళ్లీ అదే వినిపిస్తే తల దించుకుని అన్నిటికీ సరే అంటారు, అంతే. మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో ఒక పద్ధతిని వివరించాడు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. మనిషిని ఒప్పించడానికి వాదించొద్దు. మానాలన్న కారణాలు అతని నోటితోనే వచ్చేలా అడుగు, వచ్చినప్పుడు శ్రద్ధగా విను అన్నది దాని సారం. ‘తాగడంలో మీకు నచ్చేది ఏంటి?’ అని అడిగితే చాలామంది ఉలిక్కిపడతారు. ఆ ప్రశ్న వాళ్లను ఎవరూ అడిగి ఉండరు. నచ్చేవి చెప్పడం అయ్యాక, ఎవరూ అడగకుండానే నచ్చనివి చెప్పడం మొదలుపెడతారు.

ఎంత తాగుతున్నారో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే ప్రశ్నావళి ఉంది. పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. 8 లేదా అంతకు మించితే సమస్య ఉందని ఆలోచించాలి. దీన్ని నర్సు అడగొచ్చు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త అడగొచ్చు. దాంతోపాటు ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగినప్పుడు ఎక్కువమందికి కొంత బరువు దిగినట్టే ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యాలి. ఈ ప్రసంగంలో మీరు మిగతాదంతా మర్చిపోయినా ఇది మాత్రం గుర్తుంచుకోండి. చాలాకాలంగా రోజూ బాగా తాగుతున్న మనిషి ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా ఆపెయ్యడం ప్రమాదం. ఆపిన కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, వికారం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, జ్వరం వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. సరైన వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ‘ముందు మానేసి రా’ అన్నవాళ్లు తెలియకుండానే ఈ ప్రమాదంలోకి నెడుతున్నారు.

అందుకే మానడం కూడా క్లినిక్ చేతుల మీదుగానే జరగాలి. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, మతి తప్పినవాళ్లు, గర్భిణులు, కాలేయం లేదా గుండె బాగా దెబ్బతిన్నవాళ్లు, ఆత్మహత్య ఆలోచన బలంగా ఉన్నవాళ్లు, ఇంట్లో తోడు ఎవరూ లేనివాళ్లు ఆసుపత్రిలో చేరి తీరాలి. మిగిలినవాళ్లు ఇంట్లో ఉంటూనే మానొచ్చు. మొదటి కొన్ని రోజులు రోజూ క్లినిక్‌కు రావాలి. నాడి, బీపీ, వణుకు చూస్తారు. డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్రలను రోజురోజుకూ తగ్గిస్తూ ఇస్తారు. అవి కూడా ఏ రోజువి ఆ రోజే, ఇంట్లో బాధ్యత తీసుకున్న మనిషి చేతికి. వాటితోపాటు థయమిన్ అనే బి1 విటమిన్ తప్పకుండా ఇవ్వాలి. అది లోపిస్తే మెదడు శాశ్వతంగా దెబ్బతిని, కొత్త విషయాలు గుర్తుండని స్థితి రావచ్చు. చవకగా దొరికే ఒక విటమిన్ ఇవ్వక మనిషి జ్ఞాపకశక్తి పోతే ఆ నష్టాన్ని ఎవరు పూడుస్తారు?

ఆ వారం గడిచాక అసలు పని మొదలవుతుంది. నాల్‌ట్రెక్సోన్ మాత్ర తాగినప్పుడు వచ్చే హుషారును తగ్గిస్తుంది. తాగుడు పూర్తిగా ఆపకముందు కూడా దీన్ని మొదలుపెట్టొచ్చు. మానేశాకే రావాలన్న షరతుకు ఇదొక జవాబు. అయితే నల్లమందు జాతి మత్తుమందులు వాడుతున్నవాళ్లకు ఇవ్వకూడదు. ఎకాంప్రోసేట్ అనే మాత్ర, మానినవాళ్లు మానినట్టే ఉండటానికి సాయపడుతుంది, మూత్రపిండాలు బాగుంటేనే వాడాలి. డైసల్ఫిరామ్ పాత మందు, 1940ల చివర్లో డెన్మార్క్‌లో మొదలైంది. అది వేసుకుని తాగితే ఒళ్లంతా మండినట్టయి, వాంతులు, ఆయాసం వస్తాయి. మనిషికి చెప్పకుండా తిండిలో కలిపి పెట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యొద్దు. తెలియక తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, పైగా తెలిసిన రోజున మీ మీదా, వైద్యం మీదా నమ్మకం పోతుంది. సైకోసిస్ ఉన్నవాళ్లలో ఈ మాత్ర ఆ జబ్బును పెంచే అవకాశం ఉంది. రెండు జబ్బులనూ ఒకే వైద్యుడు చూడాలని నేను పట్టుబట్టేది ఇలాంటి వాటివల్లే.

ఇంకో ఉదాహరణ పొగాకు. స్కిజోఫ్రీనియా అనే సైకోసిస్ జబ్బు ఉన్నవాళ్లలో పొగతాగేవాళ్లు చాలా ఎక్కువ. పొగలో ఉండే పదార్థాలు కాలేయాన్ని ప్రేరేపించి, ఆ జబ్బుకు వాడే క్లోజపిన్, ఒలాంజపిన్ మాత్రలను త్వరగా కరిగించేస్తాయి. అందుకే పొగతాగేవాళ్లకు డోసు ఎక్కువ పడుతుంది. ఆ మనిషి ఒకరోజు సిగరెట్లు మానేస్తే అదే డోసు రక్తంలో పేరుకుంటుంది. మగతగా పడి ఉంటాడు, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. మానడం మంచి పనే, కానీ డోసు ఇచ్చే వైద్యుడికి ఆ సంగతి తెలియాలి.

హెరాయిన్ లాంటి మత్తుమందుల విషయంలో వాటి బదులు లెక్క ప్రకారం ఇచ్చే మెథడోన్ అనే మందుతో దీర్ఘకాల వైద్యాన్ని విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే వైద్యులు 1965లో ప్రచురించారు. తర్వాత అలాగే వాడే బుప్రెనార్ఫిన్ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ రెండింటినీ అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చింది కదా అని విమర్శిస్తారు. రోజూ లెక్క ప్రకారం క్లినిక్‌లో మాత్ర తీసుకుని పనికి వెళ్లే మనిషిని, సూది కోసం దొంగచాటుగా తిరిగే మనిషిని ఒకే గాటన కట్టడం అన్యాయం. ఇంకో సంగతి ఉంది. కొన్నాళ్లు ఏదో ఒక చోట బంధించినట్టు ఉంచి మాన్పించి పంపేస్తే, అప్పటికి శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తి పోగొట్టుకుని ఉంటుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. బయటికొచ్చిన మొదటి రోజులే చాలా ప్రమాదకరమైన రోజులు. ఇలాంటి చోట ఆ మత్తుమందు ప్రభావాన్ని విరిచే నాలోక్సోన్ అనే మందు ప్రాణం నిలబెడుతుంది. అది ఇంట్లోవాళ్లకు అందుబాటులో ఉండాలి.

చాలాకాలం వార్డులో ఉంచితేనే అసలైన వైద్యం అనుకునేవాళ్లకు ఒక పాత పరిశోధన చెబుతాను. మానసిక వైద్యుడు గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ బృందం లండన్‌లో తాగుడు సమస్య ఉన్న, పెళ్లైన 100 మంది మగవాళ్లను రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు అప్పట్లో ఉన్న పూర్తి వైద్యం ఇచ్చారు. ఇంకో గుంపుకు భార్యాభర్తలను కూర్చోబెట్టి, వివరంగా పరీక్షించి, ఒక్కసారి గట్టిగా సలహా చెప్పి పంపారు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 1977లో ఇది అచ్చయినప్పుడు పెద్ద చర్చ జరిగింది. వైద్యం అనవసరమని దీని అర్థం అని నేననుకోను. తీవ్రమైన మానసిక జబ్బు కూడా ఉన్నవాళ్లకు ఒక్క సలహా సరిపోదు. కానీ బాగా అడిగి, బాగా విని, ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చేసిన ఒక్క సంభాషణకు కూడా ఎంత విలువుందో ఇందులో కనబడుతుంది. అది చిన్న క్లినిక్‌లో కూడా చెయ్యగలిగిన పని.

ఇంట్లోవాళ్ల గురించి. వాళ్లను మనం ఎక్కువగా కాపలాదారులుగానే వాడుకుంటాం: మాత్ర మింగాడా, జేబులో డబ్బు ఎంత ఉంది అని. వాళ్లకూ నిద్ర లేదు, వాళ్లకూ టెన్షన్, వాళ్లకూ ఎవరితోనూ చెప్పుకోలేని సిగ్గు. మనస్తత్వవేత్త రాబర్ట్ మేయర్స్ రూపొందించిన క్రాఫ్ట్ అనే శిక్షణలో, తాగే మనిషి క్లినిక్‌కు రానని మొండికేసినా, ముందు ఇంట్లోవాళ్లే వచ్చి నేర్చుకుంటారు. తాగని గంటల్లో ప్రేమగా దగ్గరవడం, తాగి ఉన్నప్పుడు గొడవపడకుండా పక్కకు తప్పుకోవడం, ఏ సమయంలో వైద్యం మాట ఎత్తాలో గమనించడం. నలుగురూ చుట్టుముట్టి నిలదీసే పద్ధతికంటే ఇది ఎక్కువమందిని వైద్యానికి తీసుకొచ్చింది. ఇంట్లో దెబ్బలు తినేవాళ్లకు మాత్రం ముందు వాళ్ల రక్షణ సంగతి చూడాలి. ఓర్చుకోమని వాళ్లకు చెప్పే హక్కు మనకు లేదు.

తాగే ఆడవాళ్లు క్లినిక్‌కు ఇంకా ఆలస్యంగా వస్తారు. పిల్లల్ని దూరం చేస్తారన్న భయం, లోకం వేసే ముద్ర. వాళ్లు వచ్చే సమయం, కూర్చునే చోటు విడిగా ఉంటే ఆ ఆలస్యం కొంతైనా తగ్గుతుంది. మానసిక వైద్యం వరుసలోనే పేరు పిలిస్తే ఎవరు దేనికొచ్చారో బయటికి తెలియదు. చిన్న ఏర్పాటే ఇది, డబ్బు ఖర్చు లేనిది.

క్లినిక్‌లు నడిపేవాళ్లు ఇక్కడ కొందరున్నారు. మీకు నా విన్నపాలు. అపాయింట్‌మెంట్‌కు రాని మనిషికి ఆ రోజే ఫోన్ చెయ్యండి, ఆగ్రహం లేకుండా. మళ్లీ తాగానని వచ్చి చెప్పినవాళ్ల పేరు కొట్టెయ్యకండి. ఆ తాగుడుకు ముందు రెండు రోజులు ఏం జరిగిందో అడిగి రాసుకోండి, తర్వాతి జాగ్రత్తంతా అందులోంచే వస్తుంది. డిప్రెషన్ మాత్ర పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని మొదటిరోజే చెప్పండి, లేకపోతే నాలుగో రోజుకే ఆపేస్తారు. ఎవరైనా తాగిన మత్తులో వస్తే వెనక్కి పంపకండి. కూర్చోబెట్టి ఊపిరి, నాడి, రక్తంలో చక్కెర చూడండి, తలకు దెబ్బ తగిలిందేమో చూడండి. మత్తు అనుకున్నది తలలో రక్తస్రావం కావచ్చు. ఆ రోజు కౌన్సెలింగ్ కుదరదు, నిజమే. మర్నాటికి సమయం ఇచ్చి, ఎవరి తోడుతో ఇంటికి చేరుతున్నారో కనుక్కుని పంపండి.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను. అందరి ముందూ అడగడం ఇబ్బందిగా ఉన్నవాళ్లు చీటీ మీద రాసి ఇవ్వండి, పేరు రాయనక్కర్లేదు.