గోదావరి లోయలో జురాసిక్ కాలం

శ్రోతలందరికీ నమస్కారం.

హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ సెంటర్‌కి వెళ్లినవాళ్లు అక్కడ నిలబెట్టిన డైనోసార్ అస్థిపంజరాన్ని చూసే ఉంటారు. సాగిన మెడ, అంతకన్నా సాగిన తోక, బరువంతా మోసే నిట్టనిలువు కాళ్లు. అదేదో అమెరికా నుంచో చైనా నుంచో తెప్పించారనుకుని, పక్కన నిలబడి ఫొటో దిగి వచ్చేసేవాళ్లే ఎక్కువ. కాదండీ, అది మన గోదావరి లోయ జంతువు. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో యామన్‌పల్లి దగ్గర తవ్వితే బయటపడింది. ఒకటి రెండు కాదు, పన్నెండు జంతువుల తాలూకు 840 ఎముకలు దొరికాయి. పుర్రె మాత్రం దొరకలేదు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మన పల్లె పేరు ప్రపంచమంతటా డైనోసార్ల పుస్తకాల్లోకి ఎక్కింది. మనవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఇంత తక్కువమంది ఉండటం నాకు బాధగా ఉంటుంది.

జురాసిక్ కాలం దాదాపు 20 కోట్ల సంవత్సరాల కిందట మొదలై, 14 కోట్ల 50 లక్షల సంవత్సరాల కిందట ముగిసింది. కోటాసారస్ తిరిగింది దాదాపు 18 కోట్ల ఏళ్ల కిందట. సినిమాల్లో భయపెట్టే టైరనోసారస్ అప్పటికి లేనే లేదు. అది వచ్చింది 7 కోట్ల ఏళ్ల కన్నా ఇటీవలే. లెక్క వేసి చూడండి, కోటాసారస్ కన్నా టైరనోసారస్‌కి మనమే దగ్గర.

అప్పటి నేల ఎలా ఉండేది? ఇప్పటి మన దేశం ఆఫ్రికాకీ, మడగాస్కర్‌కీ, అంటార్కిటికాకీ, ఆస్ట్రేలియాకీ అతుక్కుని ఉండేది. హిమాలయాలు పుట్టలేదు. పచ్చిక లేదు, పూల చెట్ల అడవులు లేవు. ఉన్నవల్లా ఫెర్న్ మొక్కలు, ఈత చెట్టులా కనిపించే సైకాడ్లు, దేవదారు తరహా పెద్ద చెట్లు. ఈ ఆకులు గట్టివి, త్వరగా అరగవు. అందుకే శాకాహార డైనోసార్లు నమలకుండా మింగేసి, పెద్ద పొట్టలో చాలాసేపు పులియబెట్టుకునేవి. నమిలే పని లేదు గనక పెద్ద దవడలు అక్కర్లేదు, తల చిన్నదైతే సరిపోతుంది. తల తేలికైతే మెడ ఎంత సాగినా మోయగలదు. మెడ సాగితే, నిలుచున్న చోటి నుంచి కదలకుండానే చుట్టుపక్కల ఆకులన్నీ అందుతాయి. ఆ జంతువులు అంతంత పెరగడానికి ఇదొక ముఖ్య కారణమని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆ పెరుగుదల తొలి మెట్లలో ఎలా సాగిందో మన గోదావరి లోయ ఎముకల్లో కనిపిస్తుంది. వాటి విలువంతా అక్కడే ఉంది.

అదే లోయలో, పోచంపల్లి అనే ఊరి దగ్గర ఇంకో పెద్ద జంతువు దొరికింది. ఇది చీరల పోచంపల్లి కాదు, ప్రాణహిత వైపు ఉన్న ఊరు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పిలుపు మీద లండన్ నుంచి వచ్చిన శిలాజ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ చొరవతో, మహలనోబిస్ స్థాపించిన కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆ లోయలో వెతకడం మొదలుపెట్టారు. అక్కడ దొరికిన ఒక్క తొడ ఎముకే దాదాపు 1.7 మీటర్లు, అంటే మనిషంత! 1961లో తవ్వకాలు సాగాయి. అది రవీంద్రుడి శతజయంతి సంవత్సరం గనక, 1975లో బారాపాసారస్ టాగోరి అని నామకరణం చేశారు. ఆ ఎముకలతో పాటు రాయిగా మారిన పెద్ద పెద్ద చెట్ల మొద్దులూ ఉన్నాయి. వరద ముంచుకొచ్చి ఈ జంతువుల మందనూ చెట్లనూ కలిపి ఈడ్చుకొచ్చి పడేసి ఉంటుందని పరిశోధకులు అంటారు.

మరి ఇవన్నీ అక్కడే ఎందుకు? హైదరాబాద్ కింద ఉన్నది వందల కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. అందులో ఎముక అన్నది ఉండదు. గోదావరి లోయ అలా కాదు. అక్కడ భూమి పగిలి, నేల నెమ్మదిగా కుంగుతూ వచ్చింది. కుంగిన చోటల్లా నదులు ఇసుక, బురద తెచ్చి నింపాయి. సింగరేణి బొగ్గూ ఆ లోయదే, కాకపోతే అది డైనోసార్ల కన్నా ముందు కాలపు అడవి.

పెద్దవాటి గురించి ఇంత చెప్పాను గానీ, నాకు చిన్నవంటేనే ఎక్కువ ఇష్టం. ఆ కాలపు మట్టిని నీళ్లలో నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, మిగిలిన రేణువుల్ని మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటిగా ఏరుతారు. అలా ఏరగా దొరికిన దవడ ముక్కల్లో బల్లిలాంటి రెండు జీవుల్ని గుర్తించారు. ఒకటి రెబ్బనాసారస్, రెబ్బెన ఊరి పేరు మీద. రెండోది గోదావరీసారస్. వీటి వంశంలో ఇవాళ బతికున్నది న్యూజిలాండ్‌లోని టువటారా ఒక్కటే. అదే లోయలో దొరికిన అతి చిన్న పళ్లు కోటాథీరియం అనే జీవివి. డైనోసార్ల కాళ్ల సందున బతికిన తొలి క్షీరదాల్లో అదొకటి.

ఆసిఫాబాద్, మంచిర్యాల, సిరొంచ వైపు ఈ ప్రసంగం వింటున్నవాళ్లకి ఒక మనవి. చేలో గానీ వాగులో గానీ ఎముక ఆకారంలో రాయి కనిపిస్తే పగలగొట్టకండి, ఇంటికి తెచ్చుకోకండి. ఉన్నదున్నట్టు ఫొటో తీసి, హైదరాబాద్‌లోని భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ కార్యాలయానికి తెలియజేయండి. అది ఏ పొరలో ఉంది, పక్కన ఏమేమి పడి ఉన్నాయి అన్నది చూసే, పోచంపల్లి దగ్గరి ఆ మంద వరదలో పోయిందని చెప్పగలిగారు. ఎముకను అక్కడి నుంచి కదిపేస్తే ఆ సంగతి చెప్పేవాళ్లు ఇంకెవరూ ఉండరు.

నమస్కారం.