అన్‌స్ట్ దీవి తెల్లపువ్వు

శ్రోతలకు నమస్కారం.

స్కాట్లాండ్‌కు ఉత్తరాన, సముద్రం మధ్యలో షెట్లాండ్ దీవులున్నాయి. వాటిలో ఒకటి అన్‌స్ట్. బ్రిటన్‌లో మనుషులు కాపురముండే దీవులన్నిటిలోకీ ఉత్తరాన ఉన్నది ఇదే. ఇక్కడ తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఒక పూలమొక్క ఈ దీవిలో ఉంది. దాని పేరు ఎడ్మన్‌స్టన్ చిక్‌వీడ్. శాస్త్రవేత్తలు సెరాస్టియం నైగ్రెసెన్స్ అంటారు.

మొక్క నేలకు అంటుకుని, బెత్తెడు ఎత్తైనా లేకుండా ఉంటుంది. ఆకులు ముదురు రంగులో, ఊదా ఛాయతో, మందంగా ఉంటాయి. పువ్వు మాత్రం తెల్లగా, రూపాయి బిళ్లంత విప్పారుతుంది. అంత చిన్న మొక్కకు అంత పెద్ద పువ్వా అనిపిస్తుంది.

కీన్ ఆఫ్ హమార్ అనే కొండవాలు దీనికి ప్రధాన నివాసం. పచ్చిక ఉండాల్సిన చోట అక్కడ ఎటు చూసినా రాతి ముక్కలే. ఆ రాయి పేరు సర్పెంటైన్. కోట్ల సంవత్సరాల క్రితం సముద్రగర్భం కింద ఉండి, భూమి కదలికల వల్ల పైకి నెట్టుకొచ్చిన రాయి. అది చితికి ఏర్పడిన మట్టిలో మెగ్నీషియం, నికెల్, క్రోమియం ఎక్కువ. మొక్కలకు బలమిచ్చే భాస్వరం, పొటాషియం, కాల్షియం బాగా తక్కువ. వాన కురిసినా నీరు నిలవదు. చలికాలంలో మంచు గడ్డకట్టి రాళ్లను కదిలిస్తూ ఉంటుంది. ఏ రైతైనా ఆ నేలను చూసి పెదవి విరుస్తాడు.

ఈ పువ్వుకు కావలసింది ఆ నేలే. అక్కడ గడ్డి దట్టంగా పెరగలేదు కాబట్టే దీనికి చోటు దక్కింది. ఆ రాళ్ల మీద ఎరువు వేస్తే గడ్డి పుంజుకుంటుంది, ఈ మొక్కకు నిలువ నీడ లేకుండా పోతుంది. బీడును పచ్చగా మార్చడమే మంచిపని అని మనకు అలవాటుగా నాటుకుపోయింది. హమార్‌లో ఆ పని చేస్తే అది ద్రోహమే అంటాను.

1837లో దీన్ని గుర్తించినవాడు థామస్ ఎడ్మన్‌స్టన్. అన్‌స్ట్‌లోనే పుట్టిన పిల్లవాడు. అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండలేదు! తన దీవిలోని మొక్కలన్నిటినీ ఎరిగినవాడు కనుకనే ఇది వేరని పోల్చుకోగలిగాడు. 1845లో షెట్లాండ్ మొక్కలపై పుస్తకం వెలువరించాడు. ఆ ఏడాదే హెరాల్డ్ అనే నౌకలో ప్రకృతి పరిశోధకుడిగా బయలుదేరాడు. 1846 జనవరిలో దక్షిణ అమెరికా తీరంలో, ప్రమాదవశాత్తూ తుపాకీ పేలి మరణించాడు. ఇరవై ఏళ్ల వయసు. ఇంకెన్ని మొక్కలను లోకానికి చూపించేవాడో!

ఈ మొక్కల సంఖ్య ఏటా ఒకేలా ఉండదు. ఒక ఏడాది విరివిగా కనిపించి, మరో ఏడాది బాగా తగ్గిపోతాయి. అందుకే పరిశోధకులు ఏళ్ల తరబడి వీటిని లెక్కిస్తూ వస్తున్నారు. కీన్ ఆఫ్ హమార్ ఇప్పుడు జాతీయ ప్రకృతి రక్షిత ప్రాంతం. జూన్, జూలై నెలల్లో, రాత్రి పూర్తిగా చీకటి పడని రోజుల్లో, అక్కడ ఈ పూలు చూడవచ్చు. వెళ్లేవారు ప్రతి అడుగూ చూసుకుని వేయాలి. ఆ మొక్కలు రాళ్ల మధ్య అంత తేలిగ్గా కంటికి ఆనవు.